ఏ ప్రభుత్వం? ఎవరి స్వేచ్ఛ?

(ఒక గ్రంథాలయంలో జరిగిన సభలో రాజనీతి శాస్త్రం రిటైర్డ్ లెక్చరర్ చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఎత్తి రాశాం.)

సభకు నమస్కారం. నాకిచ్చిన అంశం అమెరికాలో వ్యక్తి స్వేచ్ఛ, ప్రభుత్వాధికారం. గంటలో ముగించమన్నారు. రెండువందల ముప్పై ఏళ్ల చరిత్ర గంటలో చెప్పడం ఎలాగూ కాదు కాబట్టి, నాలుగైదు కేసులు పట్టుకుని కూర్చుంటాను.

ఈ విషయం మీద అందరికీ తెలిసిన కథ ఒకటుంది. ఇటు వ్యక్తి, అటు ప్రభుత్వం, మధ్యలో తాడు. ప్రభుత్వం ఎంత చిన్నగా ఉంటే మనిషికి అంత ఊపిరి ఆడుతుంది. అక్కడ ఎన్నికల సభల్లో ఇప్పటికీ ఈ మాట బాగా చెల్లుతుంది. కానీ కేసు తర్వాత కేసు చదువుకుంటూ పోతే ఈ లెక్క కుదరదండీ. ప్రతిచోటా రెండు ప్రశ్నలు అడ్డం వస్తాయి. ఎవరి స్వేచ్ఛ గురించి మాట్లాడుతున్నాం? ఏ ప్రభుత్వం నుంచి? ఈ రెండూ అడక్కుండా స్వేచ్ఛ అంటే నేను నమ్మను.

1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసుకున్నారు. అందులో హక్కుల చిట్టా లేదు. వర్జీనియా నుంచి వచ్చిన జార్జ్ మేసన్ హక్కుల ప్రకటన లేని కాగితం మీద సంతకం పెట్టనన్నాడు, పెట్టలేదు కూడా. ఆయన ఇంట్లో, పొలాల్లో బానిసలు పనిచేసేవాళ్లన్నది వేరే విషయం. కాదు లెండి, వేరే విషయం కాదు, అసలు విషయమే అది. 1791 డిసెంబరుకి పది సవరణలు వచ్చాయి. మొదటి సవరణ ఏమంటుందీ, మాట్లాడే స్వేచ్ఛనూ పత్రికల స్వేచ్ఛనూ తగ్గించే చట్టం ఏదీ కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, చెయ్యకూడదు అంటుంది. ఏడేళ్లు తిరక్కుండా ఆ కాంగ్రెసే అలాంటి చట్టం చేసింది.

1798. ఫ్రాన్సుతో యుద్ధం వస్తుందన్న భయం. జాన్ ఆడమ్స్ ప్రెసిడెంటు. రాజద్రోహ చట్టం తెచ్చారు. ప్రెసిడెంటును దురుద్దేశంతో నిందిస్తే నేరం, కాంగ్రెస్‌ను నిందిస్తే నేరం. వైస్ ప్రెసిడెంటు పేరు మాత్రం చట్టంలో లేదు. ఎందుకంటారా? అప్పటి వైస్ ప్రెసిడెంటు థామస్ జెఫర్సన్, ప్రతిపక్షం మనిషి. ఆయన్ని ఎంతైనా తిట్టుకోవచ్చు! (నవ్వులు) చట్టానికి గడువు కూడా పెట్టుకున్నారు, 1801 మార్చి 3. ఆడమ్స్ పదవీకాలం ముగియడానికి సరిగ్గా ఒక్క రోజు ముందు. రేపు ఎదుటివాళ్లు గద్దెనెక్కితే ఇదే చట్టం మన మెడకు చుట్టుకుంటుందని వాళ్లకు బాగా తెలుసు.

ఈ చట్టం కింద మాథ్యూ లయన్ అనే కాంగ్రెస్ సభ్యుణ్ణి జైల్లో పెట్టారు. వెర్మాంట్ రాష్ట్రం వాడు. ప్రెసిడెంటుకి ఆడంబరాల యావ, పొగడ్తల యావ అని పత్రికకు రాశాడు. నాలుగు నెలల జైలు, వెయ్యి డాలర్ల జరిమానా. ఆయన జైల్లో ఉండగానే ఎన్నికలొచ్చాయి, గెలిచాడు. ఆ జరిమానా సొమ్మును 1840లో కాంగ్రెస్ ఆయన వారసులకు వడ్డీతో సహా తిరిగిచ్చింది. లయన్ అప్పటికే పోయాడు.

ఇప్పుడు లింకన్ దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త నిదానిస్తాను, నాకు ఇష్టమైన చోటు.

1861 ఏప్రిల్. బానిసత్వం ఉన్న దక్షిణ రాష్ట్రాలు విడిపోయి అంతర్యుద్ధం మొదలైంది. రాజధాని వాషింగ్టన్‌కు సైన్యం రావాలంటే మేరీల్యాండ్ మీదుగా రావాలి. మేరీల్యాండ్ బానిస రాష్ట్రం, అటు పోతుందో ఇటు ఉంటుందో తెలీదు. బాల్టిమోర్ వీధుల్లో సైనికుల మీద జనం తిరగబడ్డారు. ఊరి చుట్టూ రైలు వంతెనలు తగలబెట్టారు. కొద్దిరోజులు రాజధానికి రాకపోకలు తెగిపోయాయి. అప్పుడు లింకన్, ఫిలడెల్ఫియా నుంచి వాషింగ్టన్ దాకా ఉన్న దారి పొడుగునా హెబియస్ కార్పస్‌ను పక్కన పెట్టవచ్చని సేనాధిపతికి అధికారమిచ్చాడు. హెబియస్ కార్పస్ అంటే మీకు తెలిసిందే. పట్టుకున్న మనిషిని జడ్జి ముందుకు తీసుకురండి, ఎందుకు పట్టుకున్నారో చెప్పండి అనే హక్కు. ఎమర్జెన్సీ చూసినవాళ్లు ఈ సభలో చాలామందే ఉన్నారు, దాని విలువ నేను వాళ్లకు చెప్పక్కర్లేదు.

మే 25 తెల్లవారుజామున జాన్ మెరీమన్ అనే భూస్వామిని ఇంట్లో నిద్రలేపి తీసుకుపోయారు. వంతెనలు తగలబెట్టినవాళ్లలో అతనొకడని ఆరోపణ. మెక్‌హెన్రీ కోటలో పెట్టారు. అతని లాయరు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ దగ్గరికి పరుగెత్తాడు. టానీకి అప్పటికి 84 ఏళ్లు. రిట్ ఇచ్చాడు, మనిషిని హాజరుపరచమని. కోట కమాండరు రాలేదు. ఒక అధికారి చేత కబురు పంపాడు: ప్రెసిడెంటు అధికారమిచ్చారు, మనిషిని తీసుకురాలేను అని. కోర్టు ధిక్కారం కింద కమాండర్నే పట్టుకు రమ్మని టానీ, కోర్టు ఉత్తర్వులు అమలు చేసే మార్షల్‌ను పంపాడు. మార్షల్ కోట గేటు దాకా వెళ్లి చీటీ లోపలికి పంపాడు. జవాబు లేదన్నారు. గేటు తియ్యలేదు. తిరిగొచ్చేశాడు.

దేశంలో అందరికన్నా పెద్ద జడ్జి. ఆయన కాగితం గేటు దాటలేదు. టానీ తీర్పు రాశాడు. హెబియస్ కార్పస్‌ను ఆపే అధికారం రాజ్యాంగంలో కాంగ్రెస్ గురించి చెప్పిన భాగంలో ఉంది, ప్రెసిడెంటుకు లేదు అని. చట్టం దృష్టితో చూస్తే గట్టి వాదనే. దాన్ని లింకన్‌కు పంపించాడు. లింకన్ నేరుగా జవాబివ్వలేదు. జులై 4న కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో ఒక ప్రశ్న వేశాడు. ఒక్క చట్టం తప్పకూడదని, మిగతా చట్టాలన్నీ అమలు కాకుండా పోయి ప్రభుత్వమే ముక్కలైపోవాలా అని.

సరే, ఇక్కడ స్వేచ్ఛ ఎవరి పక్షాన ఉన్నట్టు? టానీ పక్షాన అని మీరనుకుంటే, ఒక్క నిమిషం. ఈ టానీయే 1857లో డ్రెడ్ స్కాట్ అనే బానిస కేసులో తీర్పు రాశాడు. నల్లవాళ్లు అమెరికా పౌరులు కాలేరు, కాంగ్రెస్ తన కింద ఉన్న కొత్త ప్రాంతాల్లో బానిసత్వాన్ని నిషేధించలేదు అన్న తీర్పు. బానిస యజమాని ఆస్తిహక్కును అక్కడ స్వేచ్ఛగా లెక్కగట్టాడు. భూస్వామి మెరీమన్‌కు హెబియస్ కార్పస్ కావాలన్న మనిషి, డ్రెడ్ స్కాట్‌కు అసలు కోర్టు మెట్లెక్కే హక్కే లేదన్నాడు. విచారణ లేకుండా మనుషుల్ని కోటలో పెట్టిన లింకన్ బానిసత్వానికి గోతి తవ్వాడు. ఇద్దరిలో ఒకణ్ణి స్వేచ్ఛ మనిషనీ, ఇంకొకణ్ణి అధికారం మనిషనీ విడదీయండి చూద్దాం. నావల్ల కాలేదు.

దీనికి కొసరు కూడా ఉంది. ఇండియానా రాష్ట్రంలో లామ్డిన్ మిలిగన్ అనే అతనికి సైనిక కమిషన్, అంటే సైన్యం నడిపే కోర్టు, మరణశిక్ష వేసింది. అతను సైనికుడు కాదు, అక్కడ మామూలు కోర్టులు తెరిచే ఉన్నాయి. 1866లో సుప్రీంకోర్టు ఆ శిక్ష చెల్లదంది. తీర్పు రాసింది డేవిడ్ డేవిస్, లింకన్ ఎన్నికల వ్యవహారాలు నడిపిన ఆప్తమిత్రుడు, లింకన్ నియమించిన జడ్జి. గొప్ప తీర్పు. యుద్ధంలోనూ శాంతిలోనూ రాజ్యాంగం ఒక్కటే అన్నాడు. అయితే అప్పటికి యుద్ధం అయిపోయింది, లింకన్ పోయాడు. వరద తీశాక గట్టు పోసినట్టు. అమెరికా సుప్రీంకోర్టుకు ఇది పాత అలవాటు.

1868లో పద్నాలుగో సవరణ వచ్చింది. దీని గురించి ఒక ముక్క చెప్పాలి. అంతకుముందు దాకా ఆ పది సవరణల హక్కులు ఫెడరల్ ప్రభుత్వం, అంటే కేంద్రం, మీదే పనిచేసేవి. రాష్ట్ర ప్రభుత్వం మీ నోరు మూయిస్తే ఆ హక్కులు మీకు అక్కరకు రావు. 1833లోనే సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది. బానిసత్వాన్ని నిలబెట్టింది ఎవరు? రాష్ట్రాల చట్టాలు, రాష్ట్రాల పోలీసులు, రాష్ట్రాల కోర్టులు. కాబట్టి నల్లవాడి స్వేచ్ఛకు పక్కనున్న చిన్న ప్రభుత్వం శత్రువు, దూరంగా ఉన్న పెద్ద ప్రభుత్వం దిక్కు. పద్నాలుగో సవరణ రాష్ట్రాల చెయ్యి కట్టింది. కాగితం మీద. 1877లో ఉత్తరాదివాళ్లు దక్షిణం నుంచి సైన్యాన్ని వెనక్కి తీసుకున్నాక దాదాపు ఎనభై ఏళ్లు నల్లవాళ్లకు అది చాలావరకు కాగితం మీదే ఉంది.

1957 సెప్టెంబరు 4, లిటిల్ రాక్, ఆర్కన్సా రాష్ట్రం. సెంట్రల్ హైస్కూల్లో తొమ్మిది మంది నల్ల పిల్లలు మొదటిసారి చేరాలి. అందరూ కలిసి వెళ్దామని ముందురోజు రాత్రి ఫోన్లు చేసుకున్నారు. ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్ ఇంట్లో ఫోన్ లేదు. ఆ పిల్లకు పదిహేనేళ్లు. మొదటిరోజని కొత్తగా కుట్టిన తెల్ల గౌను వేసుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కతే బస్సు దిగింది. బడి చుట్టూ రాష్ట్ర నేషనల్ గార్డు సైనికులు నిలబడి ఉన్నారు. తనను కాపాడటానికే వచ్చారనుకుంది. తెల్లపిల్లలు వెళ్తుంటే దారిచ్చారు. ఈ పిల్ల వెళ్లబోతే తుపాకులు అడ్డం పెట్టారు. అక్కడ రాష్ట్ర ప్రభుత్వాన్ని నడిపేది గవర్నరే; ఆ గవర్నర్ ఆర్వల్ ఫాబస్ వాళ్లను పెట్టింది అందుకే. వెనకాల వందలమంది అరుస్తున్నారు. ఆ అమ్మాయి వెనుదిరిగి, ఆ గుంపును దాటుకుంటూ బస్ స్టాపు దాకా నడిచి, బెంచీ మీద కూర్చుంది. ఆ నడక ఫొటోలు ప్రపంచమంతా చూసింది.

ఫాబస్ వాదనేంటి? మా రాష్ట్రం, మా బడి, మా స్వేచ్ఛ, మధ్యలో వాషింగ్టన్ పెత్తనం ఏంటి? స్వేచ్ఛ పేరుతోనే ఆ తుపాకీ ఎత్తింది. చివరికి సెప్టెంబరు 24న ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్, అయిష్టంగానే, నూటొకటో ఎయిర్‌బోర్న్ డివిజన్ నుంచి వెయ్యి మంది సైనికుల్ని దింపాడు. మర్నాడు ఆ తొమ్మిది మంది బయొనెట్ల మధ్య బడి మెట్లెక్కారు. బడిపిల్లల కోసం పారాట్రూపర్లు! ప్రభుత్వం చిన్నగా ఉంటే స్వేచ్ఛ పెరుగుతుందనేవాళ్లు ఈ ఫొటో ముందు ఏం చెబుతారో నాకు వినాలని ఉంటుంది. అలాగని పెద్ద ప్రభుత్వమే ఎప్పుడూ దిక్కా? మరుసటి ఏడాది ఫాబస్ ఊళ్లోని హైస్కూళ్లన్నీ మూసేశాడు, సరే, అది రాష్ట్రం సంగతి. అదే వాషింగ్టన్ అంతకు పదిహేనేళ్ల ముందు చేసిన పని చూడండి.

1942 ఫిబ్రవరి 19. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగి పది వారాలు. ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. దాని ఆధారంగా పడమటి తీరంలో ఉన్న జపాన్ సంతతివాళ్లను దాదాపు లక్షా ఇరవై వేల మందిని ఇళ్లు ఖాళీ చేయించి ముళ్లకంచెల శిబిరాలకు తరలించారు. వాళ్లలో మూడింట రెండొంతుల మంది అమెరికాలో పుట్టిన పౌరులు. మొదట తాత్కాలికంగా కొందరిని గుర్రప్పందాల మైదానాల్లో పెట్టారు. శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర టాన్‌ఫోరాన్‌లో గుర్రపుసాలల్లో కుటుంబాలు కాపురం ఉన్నాయి.

ఫ్రెడ్ కోరెమాట్సు ఓక్లాండ్‌లో పుట్టిన కుర్రాడు, వెల్డర్. తల్లిదండ్రులు వెళ్లారు, తను వెళ్లలేదు. అతనికి ప్రియురాలు ఉంది, ఇటాలియన్ల పిల్ల. కనురెప్పలకు చిన్న ఆపరేషన్ చేయించుకున్నాడు, పేరు మార్చుకున్నాడు, స్పానిష్, హవాయి కలిసిన సంతతి అని చెప్పుకున్నాడు. మే 30న ఒక వీధి మూల పట్టుకున్నారు. ఇక్కడ వీరుడెవరూ కనిపించడం లేదు కదా? ఇంట్లో ఉండి, పని చేసుకుని, పెళ్లి చేసుకోవాలనుకున్న మామూలు మనిషి. హక్కుల కేసులు చాలావరకు ఇలాంటివాళ్ల పేర్ల మీదే ఉంటాయి.

1944 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురుగా చీలి అతనికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. సైన్యం అవసరమంది, మేం కాదనలేం అన్నారు. భిన్నాభిప్రాయం రాసిన జడ్జి రాబర్ట్ జాక్సన్ మాట గుర్తుపెట్టుకోదగ్గది. ఇలాంటి సూత్రాన్ని కోర్టు ఒప్పుకుంటే అది గుండ్లు నింపిన తుపాకీలా పడి ఉంటుంది, అవసరం ఉందని నమ్మించగలిగిన ఏ అధికారి అయినా దాన్ని చేతికి తీసుకోవచ్చు అన్నాడు.

తమాషా ఏమిటంటే అంతకు ఏడాదిన్నర ముందు, 1943 జూన్‌లో, ఇదే జాక్సన్ చేత ఇదే కోర్టు బార్నెట్ తీర్పు రాయించింది. జెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ పిల్లలు బడిలో జెండాకు వందనం చెయ్యం అన్నారు. బడి నుంచి తీసేశారు. బలవంతం చెయ్యకూడదు, దేశభక్తి విషయంలోగానీ మతం విషయంలోగానీ ఏది నమ్మాలో ఏ అధికారీ శాసించలేడు అని తీర్పు. నడియుద్ధంలో! వరద తీశాక గట్టు అన్నానే, ఇది దానికి ఎదురు సాక్ష్యం, కాబట్టి దాచను. అదే సమయంలో ముళ్లకంచెల లోపలి బడుల్లో జపనీస్ పిల్లలు అదే జెండాకు వందనం చేస్తున్నారు.

ఈ బార్నెట్ తీర్పు మన దేశానికీ వచ్చింది. కేరళలో ముగ్గురు పిల్లలు, వాళ్లూ జెహోవా సాక్షులే, జనగణమన పాడేటప్పుడు లేచి నిలబడ్డారు గానీ పాడలేదు. బడి నుంచి తీసేశారు. 1986లో మన సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పులో బార్నెట్ ప్రస్తావన ఉంది. రాసింది మన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, దాన్ని పలచన చెయ్యొద్దు అన్న భావంతో ముగించారు. (చప్పట్లు) చప్పట్లు ఆయనకే చెందుతాయి.

కోరెమాట్సు సంగతి ముగించి ముందుకెళ్తాను. నలభై ఏళ్ల తర్వాత పాత ఫైళ్లలో కాగితాలు దొరికాయి. జపనీస్ అమెరికన్ల వల్ల అంత ప్రమాదం లేదని చెప్పే నివేదికల్ని అప్పట్లో ప్రభుత్వ లాయర్లు కోర్టుకు చూపించలేదు. 1983లో శాన్ ఫ్రాన్సిస్కో ఫెడరల్ జడ్జి మెరిలిన్ హాల్ పటేల్ అతని శిక్షను కొట్టేశారు. 1988లో ప్రెసిడెంట్ రీగన్ సంతకంతో చట్టం వచ్చింది, బతికి ఉన్న ప్రతి బాధితుడికీ క్షమాపణ, ఇరవై వేల డాలర్లు. అసలు తీర్పు తప్పని సుప్రీంకోర్టు ఎప్పుడు ఒప్పుకుంది? 2018లో. అదీ ఎక్కడ? కొన్ని దేశాల, అందులో ఎక్కువగా ముస్లిం దేశాల ప్రజలు రాకుండా ట్రంప్ పెట్టిన నిషేధాన్ని సమర్థిస్తూ ఇచ్చిన తీర్పులో. కోరెమాట్సు తీర్పు ఇచ్చినరోజే ఘోరమైన తప్పు అని రాస్తూ, దేశభద్రత విషయంలో ప్రెసిడెంటు మాట కాదనం అన్నారు.

ఇక మన వాళ్ల దగ్గరికి. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ, అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కేసు సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. భారతీయులు తెల్లవాళ్లు కారు, అందువల్ల పౌరులు కాలేరు అన్నారు. తీర్పు ఏకగ్రీవం. అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల దగ్గర తిరిగి లాక్కోవడం మొదలుపెట్టారు. ఆ తలుపు 1946 దాకా తెరుచుకోలేదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఈ కాలమంతా అమెరికాలోనే ఉన్నారు. ఆయన ల్యాబ్‌ల నుంచి వచ్చిన మందులు ప్రపంచమంతా వాడింది. 1948లో ఆయన పోయారు, అమెరికా పౌరుడు కాకుండానే.

అమెరికాలోనే పుట్టినవాళ్ల సంగతి వేరు. వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడు శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టాడు, తల్లిదండ్రులు చైనీయులు, వాళ్లకు పౌరసత్వం వచ్చే దారే లేదు. 1895లో చైనా వెళ్లొస్తే ఓడ దిగనివ్వలేదు. నెలల తరబడి ఓడల మీదే ఉంచారు. 1898లో సుప్రీంకోర్టు, అమెరికా గడ్డ మీద పుట్టాడు కాబట్టి అమెరికా పౌరుడే అంది. ఆధారం మళ్లీ ఆ పద్నాలుగో సవరణే. బానిసల కోసం రాసిన వాక్యం వంటవాడికి పనికొచ్చింది. హెచ్-1బీ మీద ఉన్న మీ పిల్లలకు పుట్టిన పిల్లల పాస్‌పోర్టు నీలంరంగులో ఉందంటే ఈ వంటవాడి పుణ్యం. 2025 జనవరి 20న ట్రంప్ ఉత్తర్వు దాని మీదికే వచ్చింది. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్ కార్డుదారుడో కాకపోతే, పుట్టే బిడ్డ పౌరుడు కాదు అని. మూడు రోజుల్లో సియాటిల్ ఫెడరల్ జడ్జి ఆపేశారు. ఆ జడ్జిని నియమించింది రీగన్. తర్వాత వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. ఉత్తర్వు వచ్చిన వారం నాకు వచ్చిన ఫోన్లలో ఒక్కరూ వ్యక్తి స్వేచ్ఛ గురించి అడగలేదండీ. మా మనవడి సంగతేంటి అనే అడిగారు. సరైన ప్రశ్నే.

నేను ఇక్కడ ఆపుతాను. ఏమైనా అడగాలనుకుంటే అడగండి.

(సభలోంచి ఒక మహిళ: మాస్టారూ, మా అమ్మాయి అక్కడ ఎం.ఎస్. చదువుతోంది. ఏదైనా ఊరేగింపులో నిలబడితే తప్పా?)

తప్పు కాదమ్మా. 1945లో హ్యారీ బ్రిడ్జెస్ అనే ఓడరేవు కార్మిక నాయకుడి కేసు ఉంది. ఆస్ట్రేలియా వాడు, పౌరుడు కాదు. కమ్యూనిస్టులతో తిరుగుతాడని దేశం నుంచి పంపేద్దామని ఏళ్ల తరబడి వెంటపడ్డారు. అక్కడ ఉంటున్న విదేశీయులకూ వాక్ స్వాతంత్ర్యం ఉందని సుప్రీంకోర్టు అంది, అతను ఉండిపోయాడు. కాబట్టి మీ అమ్మాయికి నోరుంది. కానీ వీసా వేరే దారమ్మా. జైల్లో పెట్టాలంటే నేరం రుజువు చెయ్యాలి, వీసా రద్దు చెయ్యడానికి అంత శ్రమ అక్కర్లేదు. 2025లో క్యాంపస్ నిరసనల్లో పాల్గొన్న కొందరు విదేశీ విద్యార్థుల వీసాలు రద్దయ్యాయి, కొందర్ని పట్టుకెళ్లారు, కోర్టులకెళ్లి కొందరు బయటికొచ్చారు. నేను మాట్లాడొద్దని చెప్పను, మాట్లాడమనీ చెప్పను. ఫీజు కట్టేది మీరైనా, అక్కడ నిలబడేది ఆమె. ఇమిగ్రేషన్ లాయరు నంబరొకటి దగ్గర పెట్టుకోమనండి, ఫోన్‌లో కాదు, కాగితం మీద రాసి. పట్టుకుంటే ముందు తీసుకునేది ఫోనే.